తెల్లనివన్నియు పాలు కావు

(పఠనమందిర సభయందు చదివిన యుపన్యాసము)

ఒక మనుష్యుని పదియేండ్లు కారాగృహమున నుంచుటకు నేటి రాజ్యమునకు ఖడ్గ మక్కఱలేదు, ఒక కాగితము చాలును. "ఈ పొడిని పరీక్షించితిమి, ఇందు హెరాయిను కలదు" అను రెండు పంక్తుల నివేదిక చాలును. హత్యానేరములో చూచినవారుందురు, వినినవారుందురు. ఒకరి మాట కొకరి మాట పొసగనిచో న్యాయవాది నిలదీసి యడుగును. మత్తుపదార్థముల నేరమునందన్ననో, పొట్లములోని పదార్థ మేదియో నిర్ణయించుటయే నేరమున్నదా లేదా యని నిర్ణయించుట. అది పంచదార యైనచో ముద్దాయి యింటికి పోవును, హెరాయినైనచో చెఱసాలకు పోవును. ఈ రెండు త్రోవలు చీలుచోట నిలిచియున్నవాడు రసాయన పరీక్షకుడు. ఆతని మాట యెంతవఱకు నమ్మదగినది? నమ్ముటకు ముందు మన మేమేమి యడుగవలెను? మే మీ దినమున మీతో విచారింపదలచినది యిదియే.

శాస్త్రమును నిందించుటకు మేము రాలేదు. లాఠీదెబ్బలతో రాబట్టిన నేరాంగీకారముకంటె గాజుకుప్పెలో తేలిన నిజము వేయిరెట్లు మేలు. మద్రాసు రాజధానిలో 1849లోనే రసాయన పరీక్షకుని ప్రయోగశాల వెలసినది. నాటనుండి విషప్రయోగములను బయటపెట్టుటలో రసాయనశాస్త్రము మన న్యాయస్థానములకు గొప్ప యుపకారము చేసినది. మేము చెప్పున దొక్కటే: శాస్త్రము నమ్మదగినది గాని, శాస్త్రము పేర జరుగునదంతయు శాస్త్రము కాదు. ఈ భేదమును మఱచిన దేశములలో నేమి జరిగెనో చూతము.

మత్తుపదార్థముల పరీక్షలో రెండు మెట్లున్నవి. మొదటిది రంగుల పరీక్ష. చిక్కని గంధకామ్లములో ఫార్మాల్డిహైడు కలిపిన ద్రావకమునకు మార్క్విస్ ద్రావకమని పేరు. దాని చుక్క హెరాయినుపై పడిన ఊదావన్నె పుట్టును. ఆంఫిటమినుపై పడిన నారింజవన్నె పుట్టి గోధుమవన్నెకు తిరుగును. కోబాల్టు థయోసయనేటు అను ద్రావకము కొకెయినుతో కలిసి నీలివన్నె తాల్చును. గంజాయికి డుకెన్వా–లెవీన్ పరీక్ష కలదు. అందు వానిలిన్, ఎసిటాల్డిహైడు, హైడ్రోక్లోరికామ్లము వరుసగ చేర్చి, తుదకు క్లోరోఫారము పోయుదురు. అడుగున నిలిచిన పొరలోనికి ఊదారంగు దిగినచో గంజాయి కావచ్చునని యర్థము.

కావచ్చునని మాత్రమే. ఏలయన, రంగును పుట్టించునది పదార్థము మొత్తము కాదు, దాని యణువులోని యొక భాగము. అట్టి భాగము గల మఱియొక పదార్థము దొరకినచో నదియు నా రంగునే చూపును. పంటివైద్యుడు చిగురు మొద్దుబాఱుటకు వాడు లిడొకెయిను, జలుబునకును దద్దుర్లకును ఇచ్చు డైఫెన్‌హైడ్రమిను, ఇవియు కోబాల్టు ద్రావకమును నీలముగ మార్చగలవు. తెల్లనివన్నియు పాలు, నల్లనివన్నియు నీళ్లు అని నమ్మువానిని మనవారు వెఱ్ఱిబాగులవాడందురు. నీలమైనవన్నియు కొకెయిననువానిని మాత్రము కొన్ని దేశములలో సాక్షిగ నిలిపిరి!

మన కంసాలిని చూడుడు. గీటురాయిపై గీత చూచి, ఇది బంగారమువలె నున్నదని చెప్పును గాని, అంతమాత్రమున వెల కట్టడు. వెల కట్టవలసినపుడు పుటము పెట్టును. రంగుల పరీక్ష గీటురాయి వంటిది. పనికిమాలినది కాదు, పొడులు వందలుగ వచ్చినపుడు వేనిని పుటము పెట్టవలెనో యేర్పఱచుటకు మిక్కిలి యుపయోగకరము. గీటును పుటమని యమ్మజూచుటయందే మోసము కలదు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరిగినది సరిగా నిదియే. అచ్చట పోలీసువారు జేబులో పట్టునంతటి సంచులలో నీ ద్రావకములను పెట్టుకొని, దారిలో నాపిన బండియొద్దనే పరీక్షించి, రంగు చూచి నిర్బంధించుచుండిరి. ఒక్కొక్క సంచి వెల సుమారు 2 డాలర్లు. 2015వ సంవత్సరమున ఫ్లారిడాలోని ఓర్లాండో నగరమున నొకని బండిలో దొరకిన తెల్లని పలుకులు ఇట్టి పరీక్షలో మెథాంఫిటమినుగ తేలినవి. ప్రయోగశాలలో చూడగా అవి డోనట్టుపై పూసిన చక్కెరపాకపు పెచ్చులు! వినుట కిది హాస్యముగ నున్నది. హ్యూస్టన్ నగరమున్న హ్యారిస్ కౌంటీలో జరిగినది హాస్యము కాదు. 2004 మొదలు 2015 వఱకు అచ్చట శిక్షపడినవారిలో రెండువందలకు పైబడినవారి విషయమున, శిక్ష పడిన పిదప ప్రయోగశాల పరీక్ష జరిగి, వారియొద్ద దొరకినది నిషిద్ధపదార్థమే కాదని తేలెను. వారిలో నెక్కువమంది నేరము నొప్పుకొన్నవారు.

చేయని నేరము నేల యొప్పుకొనిరని మీ రడుగుదురు. జామీనుకు సొమ్ము లేనివానికి, "ఒప్పుకొన్నచో కొలదిదినములలో విడుదల, ఒప్పుకొననిచో విచారణ ముగియువఱకు నెలల తరబడి చెఱ, ఓడినచో నేండ్ల శిక్ష" అని చెప్పిన నేమి చేయును? ఇంటియొద్ద బిడ్డలున్నవాడు, పనిపోవునని భయపడువాడు ఒప్పుకొనును. ఆ విధముగ రెండు డాలర్ల సంచి తీర్పరి యయ్యెను. ప్రయోగశాల నివేదిక వచ్చునప్పటికి శిక్ష యనుభవించుటయు ముగిసెను. 2015లో నచ్చటి ప్రభుత్వ న్యాయవాదులు ప్రయోగశాల నిర్ధారణకు ముందు ఇట్టి యొప్పుదలలను స్వీకరింపరాదని నియమము చేసిరి. 2017లో హ్యూస్టన్ పోలీసులు ఆ సంచులను వాడుట మానిరి.

ఇందులో నొక లెక్క కలదు. నూటికి తొంబదియైదుపాళ్లు సరిచెప్పు పరీక్ష యన్న, మంచి పరీక్షయే గదా యని తోచును. ఊహకొఱకు 1000 పొట్లములను దీసికొనుడు. అందు నిజముగ మత్తుపదార్థ మున్నవి 100, లేనివి 900 అనుకొందము. పరీక్ష నిజమైన నూటిని నొక్కటియు విడువక పట్టుకొన్నదనుకొందము. లేనివానిలో మాత్రము నూటి కైదు చొప్పున పొరపడును. 900లో నూటి కైదన్న 45. అనగా పట్టుబడిన 145 మందిలో 45 గురు నిర్దోషులు. నూటి కైదు తప్పన్న పరీక్ష పట్టుకొన్న వారిలో దాదాపు మువ్వురి కొకడు నిర్దోషి యయ్యెను! పరీక్షలోని దోషము కొంచెమే కావచ్చును. దారినిపోవు వారినందఱ నాపి పరీక్షించినకొలది ఆ కొంచెమే కొండయగును.

దేహమును పరీక్షించుటయందును ఈ చిక్కు కలదు. మూత్రమునందు నల్లమందు జాడలను వెదకు పరీక్షలకు, మన యింటి వంటలో వేయు గసగసాలు తిన్నవాడు సైతము దొరకును. గసగసాలు నల్లమందుచెట్టు విత్తులే గదా. మార్ఫిను లేశమాత్రముగ వాని నంటియుండును. ఈ కారణముచేతనే అమెరికా ప్రభుత్వము 1998లో ఉద్యోగుల పరీక్షకు మిల్లీలీటరునకు 300 నానోగ్రాములుగ నున్న హద్దును 2000 నానోగ్రాములకు పెంచెను. హద్దు ఎచ్చట గీయవలెనో నిర్ణయించినది ప్రకృతి కాదు, మనుష్యులు. ఒక సంఖ్య మారిన మాత్రమున నిన్నటి దోషి నేడు నిర్దోషి యయ్యెను.

ఇక రెండవ మెట్టు, నిర్ధారణ పరీక్ష. పదార్థము నావిరిగ మార్చి, వెండ్రుకవలె సన్ననైన పొడుగాటి నాళముగుండ పంపుదురు. ఒక్కొక్క పదార్థము తనకు దగిన కాలమున నా నాళమునుండి వెలువడును. దీనిని వాయు క్రోమటోగ్రఫీ యందురు. వెలువడినదానిని ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను కొలుతురు. ఏ బరువు ముక్క యెంత యున్నదో చూపు ఆ వరుస మనుష్యుని వ్రేలిముద్రవంటిది. ముందుగ నేమియు లేని ఖాళీ ద్రావకమును పంపి, వెనుకటి మచ్చు మురికి యంత్రమున మిగులలేదని చూడవలెను. పిదప స్వచ్ఛమని తెలిసిన పదార్థమును పంపి, రెంటి కాలములును ముద్రలును కలియుచున్నవా యని పోల్చవలెను. ఇంత చేసినపుడు పరీక్షకుని మాటకు బలము కలుగును. ఇదియే పుటము.

అయినచో చిక్కు తీరినదా? తీరలేదు. యంత్రము కల్ల చెప్పదు గాని, యంత్రమునందు మచ్చు వేసినట్లు కల్ల చెప్పుటకు మనుష్యుడు కలడు. మసాచుసెట్సు రాష్ట్రపు కథ యిదియే.

ఆ రాష్ట్ర రాజధానియగు బోస్టన్‌లోని హింటన్ ప్రయోగశాలలో అనీ డూఖన్ అను రసాయనజ్ఞురాలు 2003లో చేరెను. తోటివారికంటె మూడురెట్లు పని చేయుచున్నదని పేరు వచ్చెను. పైయధికారులు మెచ్చుకొనిరి. ఒక్క మనిషి మువ్వురి పని యెట్లు చేయుచున్నదని గట్టిగ నడిగినవారు లేకపోయిరి. 2011లో నామె తొంబది మచ్చులను నమోదు లేకయే భద్రపు గదినుండి తీసికొని, చిట్టాపుస్తకమున మఱియొకరి పొడియక్షరములు వ్రాసినట్లు బయటపడెను. తరచి చూడగా, ఆమె పెక్కు పొడులను కంటితో మాత్రమే చూచి, పరీక్షింపకయే పరీక్షించితినని వ్రాసెననియు, యంత్రపు ఫలితము తన వ్రాతకు సరిపడనపుడు మచ్చులో నిజమైన మత్తుపదార్థమును కలిపెననియు, తనకు లేని పట్టము కలదని న్యాయస్థానమున ప్రమాణము చేసి చెప్పెననియు తేలెను. 2012 ఆగస్టులో ప్రయోగశాల మూతపడెను. 2013 నవంబరులో నామె 27 నేరముల నొప్పుకొనగా, మూడునుండి యైదేండ్ల శిక్ష విధింపబడెను.

ఆమె సంతకముపై శిక్షపడినవారి గతి యేమి? నాలుగేండ్లకు పైగా వ్యాజ్యములు నడచిన పిదప, 2017 ఏప్రిలులో 21,587 కేసులలోని శిక్షలు కొట్టివేయబడినవి. ఒక్క మనిషి సంతకము! అందులో నిజముగ నేరము చేసినవారును పెక్కురుండిరనుట నిస్సందేహము. ఎవరు చేసిరో యెవరు చేయలేదో తేల్చు త్రోవయే మూసుకొనిపోయెను. దొంగసాక్ష్యము నిర్దోషిని చెఱకు పంపుటయే గాక, దోషిని విడిపించునది కూడ నగునని యిచ్చట గ్రహింపవలెను.

ఆ రాష్ట్రముననే యామ్‌హెర్స్ట్ పట్టణపు ప్రయోగశాలలో సోన్యా ఫరాక్ అను మఱియొక పరీక్షకురాలు 2013 జనవరిలో పట్టుబడెను. పోల్చి చూచుటకై దాచిన స్వచ్ఛమైన మత్తుపదార్థములను, ముద్దాయిల మచ్చులను ఆమెయే యేండ్ల తరబడి సేవించుచుండెను. కంచెయే చేను మేసెను. ఆమెవలనను వేలకొలది కేసులు కొట్టుపడినవి.

సోదరులారా, ఈ రెండు ప్రయోగశాలలలో నేది చెడినది? రసాయనశాస్త్రము చెడలేదు, యంత్రములు చెడలేదు. పనిని లెక్కతో కొలిచిరి గాని మేలిమితో కొలువలేదు. ఒకరు చేసిన పరీక్షను తెలియకుండ నింకొకరిచే చేయించి చూడలేదు. మచ్చుల గది తాళము నమ్మకముపై విడిచిరి. పరీక్షకులు తాము సత్యమునకు సేవకులమని మఱచి ప్రభుత్వ న్యాయవాదికి సహాయులమని తలచిరి. 2009లోనే అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తువారి నివేదిక, నేరపరిశోధక ప్రయోగశాలలు పోలీసులకును ప్రభుత్వ న్యాయవాదులకును లోబడి యుండరాదని హెచ్చరించినది. ఆ యేటనే అచ్చటి సుప్రీముకోర్టు, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపును నలుగురు మఱియొకవైపును ఉండగా, పరీక్షకుని కాగితము మాత్రము చాలదనియు, ముద్దాయి కోరినచో పరీక్షకుడు బోనెక్కి ప్రశ్నలకు బదులు చెప్పవలెననియు తీర్పు చెప్పెను. మోసము చేయు పరీక్షకుని బయటపెట్టుటకు అడ్డుప్రశ్న సాధనమగునని యా తీర్పున కలదు. ఆ తీర్పునకు మూలమైన కేసులోని మచ్చు పరీక్షింపబడినది ఏ ప్రయోగశాలలో ననుకొంటిరి? ఆ హింటన్ ప్రయోగశాలలోనే. తీర్పు వెలువడిన దినమున డూఖన్ అచ్చటనే పని చేయుచుండెను!

ఇది దూరదేశపు ముచ్చట యని యూరకుండరాదు. మన దేశమున 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. దాని ప్రకారము శిక్ష పదార్థముపైనను తూకముపైనను ఆధారపడును. గంజాయి ఒక కిలోవఱకు స్వల్పపరిమాణము, 20 కిలోలు దాటిన వాణిజ్యపరిమాణము. హెరాయినుకు ఈ హద్దులు 5 గ్రాములు, 250 గ్రాములు. స్వల్పపరిమాణమున కొక యేడాదివఱకు శిక్ష. వాణిజ్యపరిమాణమునకు పదియేండ్లకు తగ్గకుండ నిరువది యేండ్లవఱకు. జామీను దొరకుట దుర్లభము. పైపెచ్చు, పదార్థము తన యధీనమున దొరకినవాడు దాని కారణము చెప్పుకొననిచో నేరము చేసినట్లే తలంపవలెనని చట్టము చెప్పుచున్నది. బరువంతయు ముద్దాయి నెత్తిన నున్నచోట, ఆ బరువునకు మూలమగు పరీక్ష యెంత గట్టిగ నుండవలెను!

తూకపు సంగతి చూడుడు. 300 గ్రాముల పొడిలో 4 గ్రాములు మాత్రమే హెరాయినున్న దనుకొందము. నాలుగు గ్రాములనే లెక్కింపవలెనని 2008లో సుప్రీముకోర్టు చెప్పెను. మొత్తము పొడిని లెక్కింపవలెనని 2009లో ప్రభుత్వము ప్రకటించెను. ఆ ప్రకటనయే సరియని 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము హీరాసింగు కేసులో నిర్ణయించెను. కావున నేడు ఆ 300 గ్రాములు వాణిజ్యపరిమాణమే. ఈ తీర్పు మంచిచెడ్డల నటుంచి, దాని ఫలిత మాలోచింపుడు. లేశమాత్రపు హెరాయినున్నదో లేదో యనుదానిపై ఇరువది యేండ్లు తేలుచున్నపుడు, ఉన్నదని చెప్పు పరీక్షలో నావగింజంత సందేహమున్నను అన్యాయమే యగును.

గంజాయి విషయమును అట్టిదే. చట్టము ప్రకారము గంజాయి యన చెట్టు పూతకొసలు, కాయకొసలు మాత్రమే. కొసలు లేని ఆకులును గింజలును గంజాయి కావు. విశాఖ మన్యమునుండి మోతకూలికై మూట నెత్తికెత్తుకొన్న గిరిజనుడు పట్టుబడినపుడు, ఆ మూటలో కొస లెంత, ఆకు లెంత, కాడ లెంత యని తూచువా రెవరు? రంగుల పరీక్ష యా ప్రశ్నకు బదులు చెప్పలేదు. రంగు ఆకునకును కొసకును ఒకటియే. మూట 21 కిలోలైనచో వాణిజ్యపరిమాణము, అందు కాడలు ఆకులు తీసివేసిన పదునైదు కిలోలైనచో కాదు. ఈ యాఱు కిలోల నడుమ నొక కుటుంబపు పదియేండ్ల బ్రతుకున్నది.

మచ్చు తీయుటయందును రంగు ప్రవేశించుచున్నది. పొట్లము లనేకము దొరకినపుడు, ఆకారమునను వన్నెయందును ఒక్కటిగ నుండి రంగుల పరీక్షలో నొకే ఫలితము చూపినవానిని పదేసి చొప్పునను, గంజాయియైనచో నలుబదేసి చొప్పునను గుంపుచేసి మచ్చు తీయవచ్చునని నియమము. గుంపులో నొక్క పొట్లము వేఱుగ నున్నను మచ్చు దానిని దాచివేయును. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీముకోర్టు, మచ్చు తీయుట మేజిస్ట్రేటు సమక్షమున జరుగవలెనని గట్టిగ చెప్పెను. 2022లో క్రొత్త నియమములు వచ్చినవి. ఇవి మేలైన మార్పులు. అయినను రెండు లోపములు మిగిలియున్నవి. ప్రభుత్వ పరీక్షకుని నివేదికను, ఆతనిని పిలువకయే సాక్ష్యముగ స్వీకరించుటకు చట్టమున వీలు కలదు. పిలుచుట న్యాయస్థానము దయపై నున్నది. రెండవది, మరల పరీక్షింపుడని యడుగుట ముద్దాయికి హక్కు కాదు. 2013లో థానాసింగు కేసులో సుప్రీముకోర్టు, అసాధారణ సందర్భములలో మాత్రమే, అదియు నివేదిక యందిన 15 దినములలో నడిగినపుడే, దాని ననుమతింపవచ్చునని చెప్పెను. నివేదిక చదువలేని చెఱసాలలోని మన్యపు కూలి, పదునైదు దినములలో రసాయనశాస్త్రమునందలి దోషము నెట్లు కనిపెట్టును?

"మీరు మత్తువ్యాపారుల పక్షము వహించుచున్నారా?" యని కొందఱడుగవచ్చును. కాదు. మత్తుమందులచే పాడైన యువకుల తల్లుల కన్నీరు మేమును ఎఱుగుదుము. ఆ తల్లులకు మనము చేయవలసినది నిజమైన నేరస్థుని పట్టుట గాని, ఎవనినో యొకనిని పట్టుట కాదు. లోపమున్న పరీక్ష నిజమైన వ్యాపారికి మేలు చేయును. మసాచుసెట్సులో చేసినట్లే తుదకు వాని తలుపు తెఱచును. ధనవంతుడైన వ్యాపారి పెద్ద న్యాయవాదిని పెట్టి నివేదికలోని బొక్కలు వెదకించుకొనును. మూట మోసిన కూలియు, దారినిపోవు బాటసారియు మాత్రమే లోపల మిగులుదురు. కచ్చితమైన పరీక్ష బీదవానికి కవచము, నేరస్థునికి సంకెల. ఆ రెండును వేఱు కావు.

మేము కోరునవి యసాధ్యములు కావు. రంగుల పరీక్షపై ఎవనిని దోషియని తేల్పరాదు, నిర్బంధమును సాగింపరాదు; నిర్ధారణ పరీక్ష వెంటనే జరుగవలెను. నివేదికతోపాటు ఏ పద్ధతిని పరీక్షించిరో, ఖాళీ ద్రావకము, స్వచ్ఛమైన పదార్థము ఏ ఫలితము లిచ్చెనో, యంత్రపు గీతలతో సహా ముద్దాయి కీయవలెను. రెండవ మచ్చును వేఱొక ప్రయోగశాలలో పరీక్షింపించుకొనుట ముద్దాయికి హక్కు కావలెను. పరీక్షకులకు తెలియకుండ నడుమనడుమ పంచదార పొట్లములను పంపి వారినే పరీక్షింపవలెను. మంచి పరీక్షకుని కిందులో నవమానము లేదు, కంసాలి త్రాసును కూడ తనిఖీ చేయుచునే యున్నాము గదా. తుదకు, నేరము మోపు శాఖ క్రిందనే ప్రయోగశాల యుండరాదు. మన రాష్ట్రములలో నివి పెక్కు హోంశాఖ నీడలోనే యున్నవి. వానికి వేఱు నిధి, వేఱు పాలనము, చాలినంతమంది పరీక్షకులు కావలెను.

సోదరులారా, మీరు చదువుకొన్నవారు, పత్రికలు చదువువారు. "ఇన్ని కిలోల మత్తుపదార్థము పట్టివేత" యని శీర్షిక చూచినపుడు, పట్టుబడినవారి ముఖములపై ముసుగువేసి వరుసగ నిలిపిన బొమ్మ చూచినపుడు, ఒక్కక్షణ మాగి యడుగుడు: ఇది గీటా, పుటమా? నిర్ధారణ యయ్యెనా, కాలేదా? పరీక్షించిన దెవరు? ఆ పరీక్షకుని పరీక్షించిన దెవరు? ప్రజలు ఈ ప్రశ్న లడుగుట కలవాటుపడిన దేశమున ప్రయోగశాలలు మేలుకొనియుండును. అడుగుట మానిన దేశమున తెల్లనివన్నియు పాలే యగును, సంతకము పెట్టినదంతయు సత్యమే యగును.